బోసిమెడల గది

1959 జూన్ నుంచి 1963 జులై వరకు నేను చిలకలపూడిలో ఒక కవరింగు నగల దుకాణం వెనక గదిలో పనిచేశాను. దుకాణం పేరు రాయను. అది ఇప్పుడు లేదు, దాని యజమానీ లేరు. తేదీలు మాత్రం సరిగ్గా రాస్తాను. ఏ పని ఏ నెలలో మొదలైందో, ఎంతకు కుదిరిందో చెప్పలేకపోతే ఆ సంగతి నాకు జరిగినట్టే అనిపించదు.

చిలకలపూడి బందరును ఆనుకునే ఉంటుంది. రాగి కడ్డీ మీద పల్చటి బంగారు రేకు అతికి, దాన్ని తీగగా లాగి, ఆ తీగతో గొలుసులూ నెక్లెసులూ చేయడం అక్కడి పని. ఆ నగలు మద్రాసు వెళ్ళేవి, బొంబాయి వెళ్ళేవి. సినిమాలో హీరోయిన్ మెడలో ఏ నెక్లెస్ కనబడిందో, రెండు నెలలు తిరక్కుండా అదే మోస్తరుది మా షావుకారు గారి అద్దాల బీరువాలో ఉండేది. ముందు గదిలో నిలువుటద్దం, పంకా, తివాచీ, వచ్చినవాళ్ళకు గోళీసోడా. వెనక గదికి రేకుల కప్పు, మట్టినేల. నగలు శుభ్రం చేసే యాసిడ్ ఘాటు పోవడానికి దొడ్డివైపు తలుపు ఎప్పుడూ తెరిచి ఉండేది. దుకాణంలోకి తెరుచుకునే మధ్య తలుపుకు గొళ్ళెం మాత్రం అవతలి వైపు ఉండేది.

ఆ గదిలో పనికి కుదరాలంటే ఒక నియమం ఉంది. మెడలో ఏమీ ఉండకూడదు.

కవరింగు గొలుసుల్లో పాతదేదో కొత్తదేదో కనిపెట్టడం కష్టం. పాతది వేసుకొచ్చి కొత్తది వేసుకుపోతే ఎవరికీ తెలియదు. మగ పనివాళ్ళయితే సాయంత్రం చొక్కా దులిపి చూపించి వెళ్ళేవారు. ఆడవాళ్ళను మంగళసూత్రం తీసి పక్కన పెట్టమనలేరు కదా. అందుకని మెడ బోసిగా ఉన్న ఆడవాళ్ళనే పెట్టుకునేవారు. అంటే మమ్మల్ని, మొగుడు పోయినవాళ్ళని.

చిక్కల్లా ఏమిటంటే, మా చేతుల్లో తయారయ్యేవి ఎక్కువ భాగం సూత్రాల గొలుసులూ, నల్లపూసలూ, పెళ్ళికూతుళ్ళ వంకీలూ. వాటిని విధవలు ముట్టుకున్నారని తెలిస్తే ఎవరూ ఆ గుమ్మం తొక్కరు. కనుక మేం ఉన్నట్టే ముందు గదిలోవాళ్ళకు తెలియకూడదు. దొడ్డిదారిన రావాలి, దొడ్డిదారిన పోవాలి. పెళ్ళివారు బేరానికి వస్తే షావుకారు గారు మధ్య తలుపు మీద రెండుసార్లు కొట్టేవారు. ఆ చప్పుడు వినగానే పని ఆపాలి, మాట ఆపాలి, దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకోవాలి. వాళ్ళు వెళ్ళిందాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

మా కూలి గొలుసుకు ఇంత అని. ఖాళీగా కూర్చున్నంతసేపూ కూలి లేదు. పెళ్ళిళ్ళ నెలల్లో బేరాలు ఎక్కువ, బేరాలు ఎక్కువైతే తలుపు చప్పుళ్ళు ఎక్కువ, చప్పుళ్ళు ఎక్కువైతే మా పని తక్కువ. మొదటి ఏడాదే నేను నెలనెలా నా చేతికి వచ్చింది వేసి చూశాను. నగలు బాగా అమ్ముడైన నెలల్లోనే నాకు తక్కువ వచ్చింది. ఈ మాట ఒకసారి షావుకారు గారితో అంటే, "లెక్కలు బాగా వచ్చమ్మా నీకు, మగాడివయ్యుంటే గుమస్తాగా పెట్టుకునేవాణ్ణి" అని నవ్వారు. కూలి పెంచలేదు.

అయినా నాకు ఆ గది కావాలి. ఎందుకో చెప్పాలి.

నాది దివిసీమలో కోడూరు దగ్గర పల్లె. ఎనిమిదో తరగతి చదివాక 1953లో గుడివాడ ఇచ్చారు. నా భర్త రైసుమిల్లులో గుమస్తా. 1957లో టైఫాయిడ్ వచ్చి పోయారు. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు, పిల్లలు లేరు. పదకొండో రోజు దాటాక మా నాన్న వచ్చి నన్ను కోడూరు తీసుకెళ్ళాడు.

పుట్టింట్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. తిండికి లోటు చేయలేదు. పొద్దున్నే మా అన్న పొలానికి బయల్దేరేటప్పుడు నేను ఎదురు రాకూడదు, అంతే. ఆ సంగతి కూడా నాతో ఎవరూ చెప్పలేదు. ఒక రోజు మా అన్న గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి, ఏదో మరిచిపోయినవాడిలా లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాడు. నాకు అర్థమైంది. మర్నాటినుంచి అతను వెళ్ళేదాకా గొడ్ల సావిట్లో ఉండేదాన్ని. తర్వాత నాట్లు మొదలయ్యే రోజున, విత్తనాలు చల్లే రోజున, వదిన పుట్టింటికి వెళ్ళే రోజున కూడా సావిట్లోనే. అలా రెండేళ్ళు. చివరికి రోజు మొత్తంలో నాతో మాట్లాడే మాటలు "అన్నం తిన్నావా", "దీపం పెట్టావా" అనే వరకు వచ్చాయి. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. నా మొహం చూడకుండా రోజు గడపడం వాళ్ళకు అలవాటైపోయింది.

మా అమ్మ వైపు బంధువు ఒకాయన చల్లపల్లిలో ధాన్యం వ్యాపారం చేసేవాడు. చిలకలపూడిలో ఇలాంటి పని ఉందని ఆయనే చెప్పాడు. బందరులో కోనేరు సెంటర్ వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. వెనక గదిలో కూలి వచ్చినంత కాలం ఆ అద్దె కట్టగలను. అది పోతే మళ్ళీ గొడ్ల సావిడి. నాలుగేళ్ళూ నేను ఈ ఒక్క మాట మరవలేదు.

గదిలో మేం అయిదుగురం. మొహం చూసి వెనక్కి తిరిగే అవసరం ఒకరితో ఒకరికి లేని చోటు అదొక్కటే. అందరికన్నా పెద్దది పెడన నుంచి వచ్చిన నేతపనివాళ్ళావిడ. ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళం. నేను తీగను చువ్వకు చుట్టి, తెగ్గొట్టి, రింగులో రింగు వేసి గొలుసు అల్లేదాన్ని. మిగతా ముగ్గురిదీ అదే పని. అల్లిన రింగుల్ని అతకడం పెద్దమ్మ వంతు. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, దీపం మంట సన్నగా సాగి రింగు మీద పడేట్టు ఊదేది. ముప్ఫై ఏళ్ళుగా ఊదీ ఊదీ ఆమె బుగ్గలు సంచుల్లా వేలాడేవి. వాటి మీద ఆమే జోకులు వేసేది.

"మా మనవడు ఈ బుగ్గలు పట్టుకుని ఊగుతానంటాడమ్మాయ్. తాటిచెట్టుకి కల్లుకుండలు కట్టినట్టున్నాయంట!"

ఒకసారి నేను సూత్రాల గొలుసు పూర్తి చేసి పక్కన పెడుతుంటే ఆమె అంది. "ఈ గొలుసు పుట్టాక మొట్టమొదట చూసింది ఎవరి మొహం? నీది. రెండోది నాది. మన మొహాలు చూసిన గొలుసులే కదే కృష్ణా జిల్లా అంతా కట్టుకుని కాపరాలు చేస్తుంది. ఒక్క సంసారవన్నా చెడిందని విన్నావా?"

"చెడితే మనకొచ్చి చెప్తారా?"

"చెప్పరు. చెడకపోయినా చెప్పరు. కాబట్టి చెడలేదనే అనుకో."

అలాంటి మాటలకు నోరు మూసుకుని నవ్వడం ఆ గదిలోనే నేర్చుకున్నాను.

1963 మొదట్లో బంగారం మీద చట్టం వచ్చింది. పద్నాలుగు క్యారెట్లకు మించి నగ చేయకూడదన్నారు. బందరులో, గుడివాడలో కంసాలుల కుంపట్లు ఆరిపోయాయి. అంతవరకు కవరింగు పేరెత్తితే మూతి తిప్పిన కుటుంబాలవాళ్ళు మా షావుకారు గారి దుకాణానికి రావడం మొదలుపెట్టారు. పంకా ఇంకొకటి బిగించారు. గోళీసోడా పోయి ఆరెంజి డ్రింకు వచ్చింది. లోపల మాకు తలుపు చప్పుళ్ళు పెరిగాయి.

అమ్మే గొలుసుకు పసుపు పెట్టి ఇవ్వడం ఆ దుకాణం ఆనవాయితీ. పసుపు కొద్దిగా నీళ్ళలో తడిపి, సూత్రాల గొలుసుకు వేలితో రాసి, కుంకుమ పొట్లం చేర్చి ఇచ్చేవారు. ఆ పసుపు ఎప్పుడూ షావుకారు గారి భార్యే రాసేది. పొద్దున్నే స్నానం చేసి, మధ్య తలుపు దగ్గర పీట వేసుకుని, మేం అల్లిన గొలుసులన్నిటికీ రాసి ముందుకు పంపేది. మాతో మంచిగానే ఉండేది.

ఆ ఏడు శ్రావణమాసం మొదటి గురువారం. మరుసటి వారం శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, ఆ తర్వాత పెళ్ళిళ్ళు. తెల్లవారేసరికి షావుకారు గారి భార్య బయట చేరింది. మూడు రోజులు ఏదీ ముట్టుకోకూడదు. వాళ్ళ ఇంట్లో ఇంకో ముత్తయిదువ లేదు. షావుకారు గారు పసుపు గిన్నె పట్టుకుని మధ్య తలుపు దగ్గరికి వచ్చారు.

"మీలో ఎవరో ఒకళ్ళు రాసెయ్యండమ్మా. ఎవరు చూడొచ్చారు!"

పెద్దమ్మ ఊదుగొట్టం కింద పెట్టింది. "నన్నడక్కండి బాబుగారూ. నేను రాయను."

"నీ చేత్తో అతికిన గొలుసే కదా."

"అతకటం వేరండి."

మిగతా ముగ్గురూ తలలు వంచుకున్నారు. నేను గిన్నె అందుకున్నాను. నాకు తోచిన లెక్క ఒక్కటే. పసుపు లేకపోతే గొలుసులు ముందుకు వెళ్ళవు, వెళ్ళకపోతే శనివారం మా కూలి కట్టరు. వేలు ముంచగానే వేలంతా పచ్చగా అయింది. ఆరేళ్ళ తర్వాత నా చేతికి పసుపు అంటింది. బాగుందనీ అనిపించలేదు, తప్పనీ అనిపించలేదు. చల్లగా ఉంది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక తలుపు మీద రెండు చప్పుళ్ళయ్యాయి. ఆపేశాం.

"షావుకారు గారూ! గుడివాడ నుంచి వచ్చాం. ఎండన పడొచ్చినందుకైనా మంచి సరుకు చూపించండి."

ఆ మొదటి మాటకే నేను గుర్తుపట్టాను. నా భర్త అక్క. గుడివాడలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేది. ఆమె కూతురు రోజూ జడ వేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేది. 1957లో ఆ పిల్లకు పదకొండేళ్ళు. ఇప్పుడు పెళ్ళికి వచ్చిందన్నమాట.

"మీకు చూపించకపోతే ఇంకెవరికి చూపిస్తానండీ. పంకా కింద కూర్చోండి. ఇదిగో, లేటెస్టు మోడలు. మద్రాసులో అందరూ ఇవే వేస్తున్నారు."

"ఇదేంటండీ దారప్పోగులాగా? మద్రాసు వాళ్ళకి కనపడుద్దేమో. మాకు పెళ్ళిలో నాలుగో వరసలో కూచున్నవాళ్ళకి కూడా కనపడాలి."

"అమ్మా, ఇది బావుందే!" పిల్ల గొంతు.

"నువ్వూరుకో. బావుందని వాళ్ళ ముందే అంటే రేటు తగ్గిస్తారా?"

పెద్దమ్మ నన్ను చూసి కళ్ళతోనే అడిగింది. నేను తల ఊపాను. మావాళ్ళే. ఆమె తన కొంగు కొస కూడా నా తల మీద కప్పింది, నా కొంగు చాలనట్టు.

మధ్య తలుపు జానెడు తెరుచుకుని గొలుసు లోపలికి వచ్చింది. "మెడకి చాలట్లేదు. రెండంగుళాలు పెంచండి. త్వరగా, చప్పుడు కాకుండా." షావుకారు గారు ఆ మాట చెప్పి, అవతల పెద్ద గొంతుతో బంగారం చట్టం గురించి మాట్లాడడం మొదలుపెట్టారు, ఊదుడు వినబడకుండా. నేను రింగులు వేశాను. పెద్దమ్మ ఊపిరి బిగబట్టి మెల్లగా ఊదింది. కొత్త రింగులకు పసుపు లేదు కదా, రాసి ఇచ్చాను. ఆ పిల్ల మెడకు రెండంగుళాలు ఎక్కువ కావాలంటే ఎంత ఎదిగిందో అనుకున్నాను.

దుకాణం పక్కన సన్నటి సందు దొడ్లోకి వస్తుంది. దొడ్లో నీళ్ళతొట్టి ఉంది. "మొహం కడుక్కొస్తానే" అని పిల్ల ఆ సందులోకి దిగింది. "అటు కాదమ్మా, ఇటు, ఇటు" అని షావుకారు గారు అరిచేలోపే వెనక తలుపు ఎదురుగా నిలబడింది. లోపలికి చూసింది. నేను మొహం తిప్పుకునే వ్యవధి లేదు.

"అత్తయ్యా!"

ఆమె సంతోషంతో పిలిచింది. అంత సంతోషంగా నన్ను ఎవరైనా పిలిచి ఆరేళ్ళయింది. "అమ్మా, ఇటు రావే! అత్తయ్య ఇక్కడుంది! గుడివాడ అత్తయ్య!"

"అరవకు తల్లీ," అన్నాను. అప్పటికే ఆమె గుమ్మం దాటి వచ్చి నా భుజం పట్టుకుంది. పెద్దమ్మ "దూరం దూరం, పెళ్ళికూతురివి" అంటూ లేవబోయింది.

మా వదినగారు సందులోంచి వచ్చి గుమ్మంలో ఆగింది. అయిదు బోసిమెడలు చూసింది. పళ్ళెంలో సూత్రాల గొలుసులు చూసింది. చివరికి నా కుడిచెయ్యి చూసింది.

"కోడూర్లో ఉన్నావనుకున్నాం."

"నాలుగేళ్ళయిందండి వదినగారూ, బందరొచ్చి."

"వేలికా పసుపేంటి?"

"అమ్మగారు బయట ఉన్నారు. గొలుసులకి రాయమన్నారు."

"మా గొలుసుక్కూడానా?"

"మీ గొలుసుక్కూడా."

"అయితే ఏవైందమ్మా?" అంది పిల్ల.

"నువ్వు ముందు బయటికి నడువ్." తర్వాత నాతో, గొంతు తగ్గించి, "చెయ్యటానికి ఇంకో పని దొరకలేదటే నీకు? ఒక కబురైనా పెట్టకూడదూ?"

"మీరు కబురు పెట్టారా వదినగారూ?"

ఆమె పిల్లను రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది. పిల్ల సందు మలుపు దాకా వెనక్కి చూస్తూనే ఉంది.

మధ్య తలుపు వారగా ఉంది. అంతా వినిపించింది. షావుకారు గారు ఏదో చెప్పబోయారు. మా వదినగారు చెప్పనివ్వలేదు.

"షావుకారు గారూ, పసుపు ఎవరు పెట్టారని నేను మిమ్మల్ని అడగట్లేదు. మీరు కూడా నన్ను రేటు అడగొద్దు."

గొలుసు సగం ధరకు తీసుకుంది. దానితో ఆగలేదు. ఇంతకుముందు ఖరీదెక్కువని పక్కన పెట్టిన నెక్లెస్, ఒక జత వంకీలు కూడా సగానికే కట్టించింది. ఆఖర్న, "ఆ గొలుసు ఒకసారి కుంకుడు నీళ్ళలో కడిగివ్వండి. పసుపు మా ఇంట్లో పెట్టుకుంటాం" అంది.

గొలుసు మళ్ళీ తలుపు సందులోంచి లోపలికి వచ్చింది. కడిగేది కూడా మేమే కదా. నేను కుంకుడు నీళ్ళలో ముంచి, పసుపు పోయేదాకా రుద్ది, తుడిచి, తలుపు సందులోంచి ఇచ్చాను.

సాయంత్రం షావుకారు గారు వెనక గదిలోకి వచ్చారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"సోమవారం నుంచి మీరెవరూ ఇక్కడికి రానక్కర్లేదమ్మా. తీగ మీ ఇళ్ళకే ఇస్తాం. ఎండన పడి నడిచే బాధ తప్పుద్ది."

నేను లేచి నిలబడ్డాను. "చూసింది నన్నండి. నేను మానేస్తాను. మిగతావాళ్ళని ఉండనివ్వండి."

"ఒకళ్ళు చూస్తే ఊరంతా చూసినట్టే."

"ఆవిడ ఎవరికీ చెప్పదండి. చెప్తే తన పిల్ల గొలుసుకే వంక పెట్టినట్టవుద్ది. నోరు మెదపకుండా ఉండటానికేగా సగం ధరకి తీసుకుంది."

నా మాటలో తప్పు లేదని ఆయనకు తెలుసు. తర్వాత, "ఇంట్లో కూచుని చేసే పని కాబట్టి గొలుసుకి ఇరవై కాదు, పద్నాలుగు పైసలు. దీపంలో నూనె మీదే" అన్నారు. అప్పుడు అర్థమైంది, ఆ లెక్క ఆయన ఆ సాయంత్రం వేసింది కాదని. ఆ రోజు మా వదినగారికి తగ్గించిన సొమ్ము ఆయనకు రెండు నెలల్లో మా కూలిలోంచే తిరిగి వచ్చి ఉంటుంది. ఆ తర్వాతదంతా మిగులే.

"మరి నా సంగతేంటి బాబుగారూ?" అంది పెద్దమ్మ. "నా పని ఇంట్లో అయ్యేది కాదుగా."

అతుకు పనికి చట్టం వల్ల ఖాళీగా ఉన్న కంసాలులు వస్తున్నారనీ, తక్కువకే చేస్తున్నారనీ చెప్పారు. పెద్దమ్మ ఊదుగొట్టాన్ని కొంగుతో తుడిచి ఆయన ముందు పెట్టింది. "ఇన్నేళ్ళూ నోరు మూసుకోమన్నారు. ఇప్పుడు ఊదటానికి కూడా ఈ నోరు అక్కర్లేదంటున్నారు. పోన్లెండి, దానికీ విశ్రాంతి."

ఎవరమూ నవ్వలేదు.

ఆ తర్వాత నా బతుకు కోనేరు సెంటర్ వెనక సందులోని అద్దె గదిలోనే. అద్దె కట్టగలిగాను. గొడ్ల సావిడికి తిరిగి వెళ్ళాల్సి రాలేదు. దేనికోసం భయపడ్డానో అది జరగలేదు. తలుపు చప్పుళ్ళు లేవు కాబట్టి గొలుసులు ఎక్కువే అల్లాను. నోరు మూసుకోమనేవాళ్ళూ లేరు. తీగ తెగ్గొడుతూ ఎప్పుడైనా ఏదో మాట తోచి తలెత్తేదాన్ని. ఎదురుగా గోడ ఉండేది.

అల్లినవి వారానికి ఒకసారి గుమస్తాకు దొడ్డికిటికీ దగ్గర అప్పజెప్పాలి. నాకు శనివారం ఇచ్చారు. మిగతా ముగ్గురికీ ఏ రోజు ఇచ్చారో తెలియదు. అందరికీ వేరువేరు రోజులని మాత్రం త్వరలోనే తెలిసింది. కూలి గురించి మేం మాట్లాడుకోకుండా అలా పెట్టారు. ఒక బుధవారం తీగ చాల్లేదనే సాకుతో వెళ్ళి కిటికీ దగ్గర మధ్యాహ్నం దాకా కూర్చున్నాను, ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ రాలేదు. గుమస్తా, "ఈ రోజు ఎవరిదీ కాదమ్మా" అన్నాడు.

కార్తీకంలో ఒక ఆదివారం బస్సెక్కి పెడన వెళ్ళాను. పెద్దమ్మ కోసం అడిగితే కాలువ దగ్గరుంటుందన్నారు. అద్దకం వేసిన గుడ్డల్ని పారే నీళ్ళలో జాడించే పనిలో కుదిరింది. అచ్చులతో పూలూ తీగలూ అద్దిన దుప్పట్లు అవి. విదేశాల్లో దొరసానులు గౌన్లు కుట్టించుకుంటారని గట్టుమీద ఎవరో చెప్పారు. ఆమె మోకాలు పైదాకా నీళ్ళలో ఉంది. గుడ్డ ఒక కొస చేత్తో పట్టుకుంది, రెండో కొస నీళ్ళలో కొట్టుకుపోతుంటే కాలితో తొక్కిపెడుతోంది. ఆ పని ఇద్దరు కలిసి చేయాల్సింది. రెండో మనిషి ఉంటే కూలి పంచుకోవాలి.

"ఎవరే అది? నువ్వా?" అంది. "బుగ్గలు తగ్గాయా నాకు?"

"తగ్గలేదు."

"నీ కళ్ళు పోయాయి. మా మనవడు ఊగటం మానేశాడు, తగ్గే ఉంటాయి."

గట్టు మీద కూర్చోబోతుంటే, "కూచుంటానికా అంతదూరం వచ్చింది? ఆ కొస పట్టుకో" అంది.

నేను చీర ఎగదోపి నీళ్ళలోకి దిగి రెండో కొస పట్టుకున్నాను. ఆమె లాగితే నేను వదలాలి, నేను లాగితే ఆమె వదలాలి. మొదటి గుడ్డ నా చేతిలోంచి జారిపోయింది, ఇద్దరం పరుగెత్తి పట్టుకున్నాం. నీళ్ళచప్పుడుకు గట్టిగా అరిస్తేగాని మాట వినపడదు. అరిచే మాట్లాడుకున్నాం. అంత గొంతుతో మాట్లాడుకోవడం మా ఇద్దరికీ అదే మొదలు. పొద్దు వాలేసరికి గుడ్డలన్నీ అయ్యాయి. కూలిలో సగం ఇవ్వబోయింది. తీసుకోలేదు. "అయితే వచ్చే ఆదివారం కూడా రా, నాకు లాభం" అంది.

వెళ్ళాను. ఆ ఆదివారమే కాదు, ఫాల్గుణం దాటేదాకా ప్రతి ఆదివారం వెళ్ళాను. బస్సు ఛార్జీకి నేను అల్లిన గొలుసుల్లో కొన్ని పోయేవి. ఆ ఖర్చు నేను ఏనాడూ ఖర్చు కింద రాసుకోలేదు.

1964 వేసవిలో ఏటా కట్టేసినట్టే కాలువ కట్టేశారు. నీళ్ళు లేక అద్దకం ఆగింది. నేను వెళ్ళేసరికి కాలువ అడుగున బురద ఎండి, పగుళ్ళిచ్చి, గేదెలు నడుస్తున్నాయి. పెద్దమ్మ అంతకు నాలుగు రోజుల ముందే కూతురి దగ్గరికి వెళ్ళిందని చెప్పారు. ఏ ఊరని అడిగితే ఒకరు ఏలూరన్నారు, ఒకరు తణుకన్నారు. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు వస్తుందేమోనని ఆషాఢంలో ఒకసారి, శ్రావణంలో ఒకసారి వెళ్ళి చూశాను. కాలువ నిండా నీళ్ళున్నాయి. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు గుడ్డ చెరో కొసా పట్టుకుని జాడిస్తున్నారు. బందరు బస్సుకు ఇంకా టైముంది. బస్సు వచ్చేదాకా గట్టు మీద నిలబడి, వాళ్ళు అరుచుకునే మాటలు విన్నాను.